మా ఊరి వెనక గరువులో పాత బండి దారి ఆనవాళ్లు, ఏ కాలం నాటిది అయి ఉంటుంది? (ఫోటోలు పెట్టాను)

గోగునార | జనవరి 16, రాత్రి 10:42
అందరికీ కనుమ శుభాకాంక్షలు. పండక్కి ఊరొచ్చాను, మాది గుర్లకీ గరివిడికీ మధ్యలో ఉంటుంది, ఊరి పేరు ఇక్కడ రాయను ఎందుకో తర్వాత చెప్తాను. నిన్న మా చినమామయ్యతో జీడి తోటలోకి వెళ్తే తోట దాటాక గరువులో (మెట్ట నేలలో) ఒక వింత కనబడింది. చింతచెట్లు రెండు వరసల్లో ఉన్నాయి, ఇటు అయిదు అటు మూడు, మధ్యలో నేల రెండు పక్కల కంటే అడుగున్నర లోతుగా కాలువలా పోతా ఉంది కానీ కాలువ కాదు, నీళ్లు పారే వాలు లేదు. కొంచెం ముందుకెళ్తే రాతి నేల పైకి తేలిన చోట రెండు గాడులు, సమానంగా, చక్రాలు అరగదీసినట్టు. ఇంకా ముందుకెళ్తే రైలు కట్ట అడ్డం వచ్చేసింది.

ఇటు వైపు వెనక్కి వస్తే ముళ్లకంపలో పాత ఇటుక పునాది ఒకటి, పక్కన పూడిపోయిన బావి. ఊర్లో ముసిలోళ్లని అడిగితే ఒక తాత "అది బుస్సీదొర ఫౌజు బొబ్బిలి మీదకెల్లిన దారిరా గుంటడా" అన్నాడు, బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాపతి బుస్సీ గురించి. నిజమేనా? ఎవరికైనా ఇలాంటివి తెలుసా? ఫోటోలు 7 పెట్టాను, ఆఖరి దాంట్లో నా చెప్పు పడింది, స్కేల్ కోసం అనుకోండి.

తోటపాలెం_కుర్రోడు | జనవరి 16, రాత్రి 11:05
అన్నా ఏం పట్టావన్నా!! బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24, ఇంకో వారంలో ఆ రోజే వస్తుంది చూడు. నాకైతే అంతకంటే పాతదనిపిస్తంది, మనకి ఇటు రామతీర్థంలో గురుభక్తుల కొండ, అటు శాలిహుండం, మధ్యలో బౌద్ధ భిక్షువులు ఏ దారిన నడిచేవాళ్లు మరి? కళింగ కాలం దారి కూడా అయుండొచ్చు. పేపరోళ్లకి చెప్పన్నా.

సర్వేగొలుసు | జనవరి 17, ఉదయం 6:20
పేపరు తర్వాత, ముందు మ్యాపు చూడండి బాబూ. నేను రెవెన్యూలో ముప్పై ఏళ్లు గొలుసు పట్టినవాణ్ణి, రిటైరై ఆరేళ్లయింది. విజయనగరం నుంచి బొబ్బిలి ఎటుంది? గజపతినగరం, రామభద్రపురం మీదుగా ఉత్తరానికి. గుర్ల, గరివిడి ఎటున్నాయి? ఈశాన్యానికి. ఫిరంగులు, ఎడ్లబళ్లు, గుర్రాలు వేసుకుని యుద్ధానికెళ్లేవాడు చుట్టూ తిరిగి చీపురుపల్లి వైపు ఎందుకు వస్తాడు? మన వైపు ఏ పాత గోడ కనబడినా బొబ్బిలి యుద్ధానికి, ఏ గుట్ట కనబడినా పాండవులకి అంటగట్టేస్తారు, అలవాటైపోయింది. తాతగారిని తప్పు పట్టట్లేదు, ఆయన విన్నది ఆయన చెప్పారు.

గోగునారా, నువ్వు రాసినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది రైలు కట్ట. దారి కట్ట దగ్గర ఆగిపోయిందా, కట్ట అవతల మళ్లీ మొదలైందా? అది చూసి చెప్పు.

గోగునార | జనవరి 17, మధ్యాహ్నం 1:15
నమస్తే మాస్టారూ. మీరడిగారని ఇప్పుడే కట్ట దాటి (గేటు దగ్గరికి తిరిగెళ్లే దాటాను, పట్టాల మీద నుంచి కాదు) అవతల చూసొచ్చాను. ఉంది! అటు పక్క కూడా అదే లైన్లో పల్లంగా పోతా ఉంది, ఒక అరకిలోమీటరు దాకా స్పష్టంగా కనబడింది, తర్వాత ఎవరో నీలగిరి వేసి దున్నేశారు. కానీ ఒక తేడా ఉంది. చింతచెట్లు, ఇటుక పునాది, బావి అన్నీ కట్టకి దక్షిణం పక్క అంటే ఊరి పక్క ఉన్నాయి. ఉత్తరం పక్క చెట్లు అస్సలు లేవు, గాడులు మాత్రం చాలా లోతుగా ఉన్నాయి, మోచెయ్యి పెడితే సగం దిగింది. దక్షిణం పక్క గాడులు రెండు మూడు అంగుళాలే.

సర్వేగొలుసు | జనవరి 17, మధ్యాహ్నం 2:02
ఇదీ కావలసింది. కట్టకి రెండు పక్కలా ఒకే గీతలో ఉందంటే కట్ట వచ్చి దారిని కోసింది, దారి వచ్చి కట్టని కాదు. మన ఈస్ట్ కోస్ట్ లైను 1893 నుంచి 1896 లోపు ముక్కలు ముక్కలుగా తెరిచారు. కాబట్టి దారి అంతకు ముందే ఉంది. ఎంత ముందు అనేది ఈ ఒక్క సంగతితో చెప్పలేం, పదేళ్లు ముందు కావచ్చు రెండొందల ఏళ్లు కావచ్చు. కానీ ఇది ఎవరో చెప్పిన మాట కాదు, నేల చెప్పిన మాట, దీన్ని ఎవరూ కొట్టేయలేరు.

కంకరరోడ్డు | జనవరి 17, రాత్రి 9:30
లేటుగా వచ్చా. రోడ్డు పనుల్లో సూపర్వైజర్ని, పాతికేళ్లుగా తారు వాసనే. గాడుల గురించి ఒక మాట చెప్పాలి. లోతు చూసి పాతది అనుకోవద్దు. మన వైపు కొండలన్నీ ఖోండలైట్ రాయి, ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టిన పేరే అది. పచ్చి రాయి గట్టిదే గానీ ఎండకి వానకి నాని కుళ్లిందంటే చేత్తో నలిపినా పొడైపోద్ది, ఎర్రగా తుప్పు రంగులో. అలాంటి నేల మీద ఇనప పట్టా వేసిన చక్రం బరువుతో రోజూ పోతే లోతుగా తినేయడానికి వందల ఏళ్లు అక్కర్లేదు, ఒక తరం చాలు. టైరు బళ్లు వచ్చాక గాడి పడటం ఆగిపోయింది. కాబట్టి ఉత్తరం పక్క లోతు ఎక్కువ అంటే అటు పక్క పాతది అని కాదు, అటు పక్క బరువు ఎక్కువ పోయింది అని. ఏం బరువు అనేది కనుక్కో తమ్ముడూ.

ఇంకొకటి, గాడి నుంచి గాడికి మధ్య దూరం కొలువు, రాతి మీద ఒక అయిదు చోట్ల. అన్ని చోట్లా ఒకటే వస్తే బళ్లు. తేడాగా వస్తే వాన నీళ్లు కోసిన కోత అయుండొచ్చు.

గోగునార | జనవరి 18, ఉదయం 11:48
కొలిచాను అన్నా. అయిదు చోట్ల నాలుగడుగుల తొమ్మిది అంగుళాల నుంచి నాలుగడుగుల పదకొండు మధ్యలోనే ఉంది. మామయ్య వాళ్ల పాత నాటు బండి కళ్లం పాకలో పడుంది, దానికీ కొలిస్తే నాలుగు పది. మామయ్య నవ్వుతున్నాడు, చదువుకున్నోడివి సెలవుల్లో బండి చక్రాలు కొలుస్తున్నావేంట్రా అని.

ఇంకా విచిత్రం ఏంటంటే ఉత్తరం పక్క గాడుల్లో, పక్కన మట్టిలో నల్ల రాళ్లు బోలెడు దొరుకుతున్నాయి, గోళీ సైజు నుంచి పిడికిలి సైజు దాకా. భలే బరువు. చేతికి మసి అంటుకుంటుంది. దక్షిణం పక్క ఒక్కటి కూడా లేదు, గంటసేపు వెతికాను. ఇనుము కరిగించిన చిట్టెమా? ఫోటో 9, 10 చూడండి. కరెక్టు లొకేషన్ పిన్ కూడా ఇస్తున్నా.

మోడరేటర్ | జనవరి 18, మధ్యాహ్నం 12:10
పిన్ తీసేశాను, ఫోటో 4 లో కొండ ఆకారం కనబడుతోంది కాబట్టి అది కూడా. దయచేసి ఎవరూ కచ్చితమైన జాగా పెట్టొద్దు. పాత బావి, ఇటుక పునాది అనే మాట వినబడితే చాలు రాత్రికి రాత్రి గునపాలు, నిమ్మకాయలు పట్టుకుని గుప్తనిధుల బ్యాచ్ దిగిపోతుంది. ఇదే వేదికలో ఇంతకు ముందు ఒక గుడి గురించి రాసినప్పుడు జరిగింది.

గోగునార | జనవరి 18, మధ్యాహ్నం 12:31
సారీ అండీ, ఊరి పేరు రాయకపోడానికి కారణమూ అదే, మళ్లీ నేనే మర్చిపోయి పెట్టేశా. బావి దగ్గర ఇప్పటికే ఒక గొయ్యి ఉంది, ఈమధ్య తవ్విందే.

తోటపాలెం_కుర్రోడు | జనవరి 18, మధ్యాహ్నం 12:50
మరి నిధి దొరికితే ఎవరిది అన్నా? తెలుసుకుందామనే 😄

సర్వేగొలుసు | జనవరి 18, మధ్యాహ్నం 1:20
1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. పది రూపాయల పైన విలువ చేసేది భూమిలో ఏది దొరికినా కలెక్టరుకి తెలియజేయాలి. అప్పటి పది రూపాయలే ఇప్పటికీ రాసుంది, ఈ లెక్కన టీ కప్పు దొరికినా చెప్పాలి. కాబట్టి ఎవరూ తవ్వొద్దు. పైన పడి ఉన్నది చూసి, కొలిచి, ఫోటో తీసి, ఎక్కడిది అక్కడ పెట్టెయ్యండి.

పెంకుటిల్లు | జనవరి 18, సాయంత్రం 5:44
హైస్కూల్లో సైన్సు చెప్తాను. ఆ నల్ల రాళ్లు చిట్టెం అనిపించట్లేదు, చిట్టెమైతే బుడగలు బుడగలుగా, కరిగి కారినట్టు ఉంటుంది. రెండు పరీక్షలు ఇంట్లోనే చెయ్యొచ్చు. ఒకటి, పాలిష్ లేని టైలు వెనక పక్క ఆ రాయితో గీత గియ్యి. ఎర్ర గీత పడితే హెమటైట్, అంటే ఇనప రాయి. నల్ల గీత పడితే రెండో పరీక్ష. మెడికల్ షాపులో పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ దొరుకుతుంది, రాయి పొడి మీద నాలుగు చుక్కలు వెయ్యి. మాంగనీసు డయాక్సైడ్ అయితే బుడబుడా పొంగుతుంది, ఆక్సిజన్ బయటకి వచ్చేస్తుంది, రాయి మాత్రం ఖర్చవదు. టెన్త్ పిల్లలు చేసే ప్రయోగమే. కళ్లకి దూరంగా పెట్టుకుని చెయ్యి.

గోగునార | జనవరి 18, రాత్రి 8:15
నల్ల గీతే పడింది. పెరాక్సైడ్ వేస్తే సబ్బు నురగలా పొంగింది, మా చెల్లి వీడియో తీసింది, పెడుతున్నా.

కంకరరోడ్డు | జనవరి 18, రాత్రి 8:22
బుస్సీ రాలేదు గానీ రాయి మాత్రం బుస్సుమంది 😂😂

పెంకుటిల్లు | జనవరి 18, రాత్రి 8:40
😂 ఈ ఒక్క ముక్కకి అవార్డు ఇవ్వాలి.

అయితే బరువు ఏంటో తేలిపోయినట్టే. మాంగనీసు ఖనిజం. మన గరివిడి పక్క కోడూరు గనిలో 1892 ప్రాంతంలో తవ్వకం మొదలైంది, దేశంలో మాంగనీసు తవ్వడం మొదలెట్టిందే అక్కడ. గర్భాం గనులు ఇంకో పక్క. ఉక్కు తయారీకి కావాలి కాబట్టి సీమకి, అంటే ఇంగ్లండుకి ఎగుమతి. గని నుంచి రైలు దాకా ఏదో ఒకటి మోసుకు రావాలి కదా. గరివిడిలో ఇప్పుడు చూసే ఫెర్రో మాంగనీస్ ఫ్యాక్టరీ అంతా చాలా తర్వాతి కథ.

ముగ్గుపిండి | జనవరి 18, రాత్రి 10:05
నేను ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. మాది రాజాం. మా అమ్మమ్మ పుట్టిల్లు గరివిడి పక్క పల్లె, ఇప్పుడావిడకి తొంభై దాటాయి, చెవులు వినబడవు గానీ పాత మాటలన్నీ నోటికొచ్చు. ఈ దారం (థ్రెడ్) చదివి ఇందాక ఆవిడ చెవి దగ్గర అరిచి అడిగాను. అన్నమాట అన్నట్టు రాస్తున్నా. "మా అయ్య రాయిబండి తోలీవోడు. నల్లరాయి. ఇంటికొచ్చీసరికి మనిషి మొకం అగుపడీది కాదు, కళ్లే తెల్లగా. మాయమ్మ కుడితి తొట్టి కాడే నిలబెట్టి నీళ్లు పోసీది, గడప తొక్కనిచ్చీది కాదు. ఎడ్లకి మెడలు పుండ్లు పడిపోయీవి." ఎక్కడికి తోలేవాడు అంటే "టేసను కాడికి, మరెక్కడికి" అంది.

ఇంకోటి, చింతచెట్లు రెండు వరసలు అన్నారు కదా, వాటిని మా వైపు బోర్డు చెట్లు అంటారు. చింతపండు కాలం వస్తే బోర్డు వాళ్లు పాట పెట్టేవారట, పాట పాడుకున్నవాడే కోసుకోవాలి, పిల్లలు రాళ్లు విసిరినా కాపలావాడు తరిమేవాడు.

సర్వేగొలుసు | జనవరి 18, రాత్రి 10:31
అమ్మా, చాలా పెద్ద సంగతి చెప్పారు. బోర్డు అంటే డిస్ట్రిక్ట్ బోర్డు, 1959లో జిల్లా పరిషత్తులు వచ్చేదాకా రోడ్లు, రోడ్డు చెట్లు, సత్రాలు వాళ్ల కిందే. అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఇప్పుడు నాకు తోస్తున్నది చెప్తాను, ఎవరైనా కాదంటే కాదనండి. ఇది ఒక దారి కాదు. ఒకే గీత మీద రెండు దారులు. రైలు రాకముందు ఈ గీత మొత్తం ఒకటే బాట, చెట్ల నీడ, బావి, మకాం వేసుకోవడానికి ఏదో కట్టడం. రైలు వచ్చి మధ్యలో కోసేసింది. దాంతో దక్షిణం ముక్క చచ్చిపోయింది, మనుషులు గేటు ఉన్న రోడ్డుకి మళ్లారు. ఉత్తరం ముక్క మాత్రం చావలేదు, గని బళ్లు దాన్ని పట్టుకున్నాయి, కట్ట దాకా వచ్చి కట్ట వెంబడే స్టేషనుకి తిరిగాయి. అందుకే అటు గాడులు లోతు, నల్లరాళ్లు, చెట్లు లేవు, ఇటు చెట్లు, రాళ్లు లేవు. గోగునారా, కట్టకి ఉత్తరం పక్క దారి స్టేషను వైపు వంపు తిరిగినట్టు ఏమన్నా కనబడుతుందా?

గోగునార | జనవరి 19, ఉదయం 7:10
మాస్టారూ మీరు చెప్పాక చూస్తే ఉంది!! కట్టకి నలభై అడుగుల దూరంలో గాడులు కుడి పక్కకి తిరిగాయి, నేను అది వాన కోత అనుకుని వదిలేశా. అక్కడా నల్లరాళ్లే. ఈ రోజు రాత్రి బస్సుకి హైదరాబాద్ వెళ్లిపోతున్నా, ఇంకేమైనా చూడాలంటే సాయంత్రం లోపు చెప్పండి.

కంకరరోడ్డు | జనవరి 19, ఉదయం 7:35
ఇటుకలు కొలువు. పొడవు, వెడల్పు, మందం. మధ్యలో సున్నమా మట్టా చూడు. కళింగ కుర్రోడి అనుమానం కూడా తీరిపోద్ది.

గోగునార | జనవరి 19, మధ్యాహ్నం 12:05
పొడవు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు నాలుగు, మందం రెండే. మధ్యలో తెల్ల సున్నం, గోరుతో గీకితే రాలట్లేదు, అందులో చిన్న చిన్న గవ్వ పెంకుల్లాంటివి కనబడుతున్నాయి. పునాది సుమారు ముప్పై అడుగులు, పదిహేను అడుగులు.

కంకరరోడ్డు | జనవరి 19, మధ్యాహ్నం 12:40
గానుగలో రుబ్బిన సున్నం. బౌద్ధులది కాదు తమ్ముడూ, శాలిహుండంలో ఇటుక చూశావంటే అడుగుకి పైనే ఉంటది, ఒక్కోటి రెండు చేతులా ఎత్తాలి. ఇలా పల్చటి బుల్లి ఇటుకలు జమీందార్ల కాలం కట్టడాల్లో, పాత బంగళాల్లో చూస్తాం.

తోటపాలెం_కుర్రోడు | జనవరి 19, మధ్యాహ్నం 1:02
సరే ఇటుకలు కొత్తవి, ఒప్పుకున్నా. కానీ దారి పాతది ఎందుకు కాకూడదు? వెయ్యేళ్ల కింద నడిచిన బాట మీదే రెండొందల ఏళ్ల కింద సత్రం కట్టి ఉండొచ్చు కదా. మీరందరూ బళ్లు, రైలు అంటున్నారు, శ్రీకూర్మం, ముఖలింగం, పూరీ వెళ్లే యాత్రికులు గాల్లో ఎగిరెళ్లారా? చైతన్య మహాప్రభువు 1510 ప్రాంతంలో శ్రీకూర్మం వచ్చాడు, నడిచే కదా వచ్చాడు. ప్రతీదీ ఇటుక చూసి, పెరాక్సైడ్ వేసి కొట్టిపారేస్తే ఎలా?

సర్వేగొలుసు | జనవరి 19, మధ్యాహ్నం 1:45
కొట్టిపారేయలేదు నాయనా. కాకూడదని ఎవరూ అనలేదు, అవునని చెప్పడానికి చేతిలో ఏమీ లేదు అంటున్నాను అంతే. కాలినడక దారి నేల మీద పెద్దగా గుర్తు వదలదు, అదే చిక్కు. యాత్రికుల సంగతి అంటావా, ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్లి తిరిగొచ్చేటప్పుడు పూరీ, గంజాం, శ్రీకాకుళం మీదుగా ఈ తీరం వెంబడే దిగాడు, 1831లో. బోయీలు, డేరాలు, సత్రాలు, నీళ్లు దొరకని మజిలీలు అన్నీ రోజువారీగా రాసుకున్నాడు. అలాంటి పెద్దబాటకి పక్క బాటలు వంద ఉండేవి. తీరం నుంచి లోపలికి ఉప్పు, లోపల్నుంచి కిందకి ధాన్యం, చింతపండు, అడవి సరుకు. సాలూరు ఘాటీ ఎక్కి ఒడిశా జైపూర్ దాకా లంబాడీల ఎడ్లు పెరికెలు మోసుకుని వెళ్లేవి. నీ గీత కూడా కోనాడ వైపు తీరం నుంచి లోపలికి వెళ్లే బాట అయుండొచ్చు. అయుండొచ్చు అనే మాట కింద గీత గీసుకో.

తోటపాలెం_కుర్రోడు | జనవరి 19, మధ్యాహ్నం 1:52
గీసుకున్నా మాస్టారూ 🙏 కానీ నా ఓటు ఇంకా కళింగకే.

నాగావళి_గట్టు | జనవరి 21, రాత్రి 11:20
మ్యాపుల పిచ్చోణ్ణి నేను. ఇంట్లో కూర్చుని చూడగలిగేవి చెప్తా. ముందుగా గూగుల్ ఎర్త్ లో పాత తేదీల బొమ్మలు తిప్పండి, వరి కోసేసిన డిసెంబరు నుంచి మార్చి లోపువి. పచ్చగా ఉన్నప్పుడు ఏమీ కనబడదు. పొలాల గట్లన్నీ ఒక పక్కకి ఉండి ఒక్క గట్టు మాత్రం అన్నిటినీ అడ్డంగా కోసుకుంటూ పోతే అక్కడ ఆగండి. ఫ్రీగా దొరికే ముప్పై మీటర్ల ఎత్తుల డేటా మీద టైం వేస్ట్ చెయ్యకండి, అందులో ఒక్కో గడి మీ వీధంత ఉంటుంది, అడుగున్నర పల్లం ఎక్కడ కనబడుతుంది.

రెండోది, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (నేల వివరాలన్నీ చూపే మ్యాపులు), మనకి 65 ఎన్ షీటులో వస్తుంది, టెక్కలి సోంపేట అయితే 74 బి. పాతవి అంగుళానికి మైలు స్కేలు, బండి దారి వేరు, కాలిబాట వేరు గుర్తులు ఉంటాయి. ఎడిషన్ మారేకొద్దీ ఒక గీత జారిపోతూ కనబడుతుంది, మొదట రెండు గీతలు, తర్వాత చుక్కల గీత, తర్వాత ఏమీ ఉండదు. అమెరికా ఆర్మీ వాళ్లు 1950ల్లో అచ్చేసిన రెండున్నర లక్షల స్కేలు మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ సైట్లో ఫ్రీగా ఉన్నాయి గానీ అందులో సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు, పెద్ద రోడ్లకే పనికొస్తాయి.

మూడోది నాకు ఇష్టమైనది, కరోనా. రోగం కాదు 😄 అమెరికా గూఢచారి ఉపగ్రహాలు, 1960 నుంచి 72 దాకా ఫిలిం మీద ఫోటోలు తీసి ఆ ఫిలిం డబ్బాని పారాచూట్ తో కిందకి వదిలితే విమానంతో గాల్లోనే పట్టుకునేవాళ్లు. 1995లో బయటపెట్టారు. చివరి రకం కెమెరాలో రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. జీడి, సరుగుడు, నీలగిరి తోటలు రాకముందు మన గరువులు ఎంత బోడిగా ఉండేవో అందులో చూడాలి, పాత దారులన్నీ తెల్ల గీతల్లా తేలిపోతాయి. మీ ఊరి బ్లాకుకి ఒక ఫ్రేము దొరికింది, గోగునారకి మెసేజ్ లో పంపా, ఇక్కడ పెట్టను.

గోగునార | జనవరి 22, రాత్రి 12:40
చూశానన్నా నిద్ర పట్టట్లేదు. కట్టకి ఉత్తరం పక్క తెల్లగా గీత, స్టేషను వైపు వంపుతో సహా. దక్షిణం పక్క గీత లేదు గానీ చుక్కలు చుక్కలుగా చెట్లు, పధ్నాలుగు లెక్కపెట్టాను. ఇప్పుడున్నవి ఎనిమిది. అంటే ఈ యాభై ఏళ్లలో ఆరు కొట్టేశారు.

ముగ్గుపిండి | జనవరి 22, ఉదయం 5:50
చింతకర్రకి మొద్దుల ధర అలాంటిది బాబూ. మాంసం కొట్టే మొద్దు చింతదే కావాలంటారు.

సర్వేగొలుసు | జనవరి 22, ఉదయం 6:30
ఇక మిగిలింది కాగితం. మీ ఊరు విజయనగరం ఎస్టేటు కింది ఊరు అయుండాలి. ఎస్టేటు ఊళ్లకి రైత్వారీ (రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే) ఊళ్లలా ముందు నుంచీ సర్వే రికార్డు ఉండదు, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ప్రభుత్వం తీసుకుని సర్వే, సెటిల్మెంటు చేయించింది. కాబట్టి ఎఫ్ఎంబీలో (పొలాల కొలతల పుస్తకంలో) ఉన్నది 1950ల తర్వాతి నేల. అప్పటికి దారి బతికుంటే బాట పోరంబోకు అని వేరే నంబరు పడుతుంది, సన్నగా పొడుగ్గా పాములాగ. చచ్చిపోయి ఉంటే పక్క పట్టాల్లో కలిసిపోతుంది. నా లెక్క ప్రకారం ఉత్తరం ముక్కకి పోరంబోకు నంబరు ఉండాలి, దక్షిణం ముక్కకి ఉండకూడదు. తప్పైతే నేను పైన చెప్పిందంతా వెనక్కి తీసుకుంటా. తహసీల్దారు ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (రీసెటిల్మెంటు రిజిస్టరు) నకలుకి అప్లై చేయించు, మామయ్య చేత.

తోటపాలెం_కుర్రోడు | జనవరి 22, ఉదయం 9:15
మాస్టారు పందెం కాసేశారు. సంక్రాంతి కోళ్ల తర్వాత ఇదే పెద్ద పందెం.

గోగునార | మే 11, సాయంత్రం 6:25
చాలా రోజులైంది, దారం మళ్లీ లేపుతున్నందుకు సారీ. ఎండలకి ఊరొచ్చాను. నకలు కోసం మామయ్య నాలుగుసార్లు తిరిగాడు, మొదటిసారి సర్వర్ డౌన్, రెండోసారి సార్ మీటింగు, మూడోసారి రీసర్వే పనిలో ఉన్నారు అన్నారు, నాలుగోసారి నేనే వెళ్తే పావుగంటలో ఇచ్చారు, మామయ్య అలిగాడు.

మాస్టారూ, గెలిచారు. కట్టకి ఉత్తరం పక్క "బాట పోరంబోకు", వేరే నంబరు, సన్నంగా పొడుగ్గా. దక్షిణం పక్క ఏమీ లేదు, అన్నీ పట్టా నంబర్లే, కానీ ఒకటి గమనించా, ఏడు నంబర్ల సరిహద్దులు వరసగా ఒకే గీతలో ఉన్నాయి, మిగతావన్నీ వంకరటింకర. ఆ గీత మీదే చింతచెట్లు.

సర్వేగొలుసు | మే 11, సాయంత్రం 7:00
దారి పోయినా గట్టు పోలేదన్నమాట. రైతులు పంచుకునేటప్పుడు కంటికి కనబడే గుర్తుని పట్టుకునే పంచుకుంటారు, అందుకే మిగిలింది. పోరంబోకు నంబరు మాత్రం జాగ్రత్త. డ్రోన్ రీసర్వేలో నేల మీద దున్నేసి ఉంటే పక్క పట్టాలో కలిపేస్తున్నారని చాలాచోట్ల గొడవ. నీ చేతిలో నకలు ఉంది కదా, మీ పంచాయతీలో గ్రౌండ్ ట్రూతింగ్ కి (నేల మీద సరిచూడ్డానికి) వచ్చిన రోజు మామయ్యని అక్కడ నిలబడమను, నకలు చేత్తో పట్టుకుని.

కంకరరోడ్డు | మే 11, రాత్రి 8:10
మైలురాయి లాంటిది ఏమీ దొరకలేదా? బోర్డు రోడ్డు అంటే ఉండాలే.

గోగునార | మే 12, ఉదయం 8:30
అన్నా నువ్వు మంత్రగాడివా? నిన్న రాత్రి ఇది చదివి అమ్మతో అంటే, అమ్మ "చెరువు రేవులో బట్టలుతికే బండ మీద అంకెలుంటాయి కదరా, చిన్నప్పుడు దాని మీంచే దూకీవోడివి" అంది! పొద్దున్నే వెళ్లా. చెరువు ఎండిపోయింది కాబట్టి బండ మొత్తం బయటపడింది, మూడడుగుల పొడవు, ఒక పక్క గుండ్రంగా చెక్కింది. తెలుగు అంకెలు! మొదటిది ౧. రెండోది సబ్బుకీ దెబ్బలకీ అరిగిపోయింది, ౨ ఆ ౩ ఆ తెలియట్లేదు. ఫోటో పెట్టా.

పెంకుటిల్లు | మే 12, ఉదయం 9:05
మిట్టమధ్యాహ్నం ఫోటో తీస్తే ఏమీ కనబడదు. సూర్యుడు దిగిపోయేటప్పుడు పక్క నుంచి వెలుతురు పడేలా తియ్యి, లేకపోతే రాత్రి టార్చి రాయికి ఆనించినట్టు పెట్టి.

ముగ్గుపిండి | మే 12, ఉదయం 9:20
నా పేరే ఉంది కదా తమ్ముడూ. పొడి ముగ్గు పల్చగా రాసి మెత్తటి గుడ్డతో తుడు, గీతల్లో ఉండిపోతుంది. మేకుతో గానీ ఇనప బ్రష్ తో గానీ గీకొద్దు సుమా.

గోగునార | మే 12, రాత్రి 7:50
ముగ్గు, టార్చి రెండూ అయ్యాయి. బట్టలుతికే మామ్మ ఒకావిడ వచ్చి నా బండకి ముగ్గేశారేంటి, ఏం పూజ అని అడిగింది. ౩ లా ఉంది, కింద ఇంకో వంపు తెలుస్తోంది. అంటే 13.

నాగావళి_గట్టు | మే 12, రాత్రి 8:35
లెక్కేశాను. 12 మైళ్లు అంటే 19.3 కిలోమీటర్లు, 13 అంటే 20.9. విజయనగరం కోట నుంచి పాత గీతల వెంబడి, కొత్త వంతెనలు లెక్కలోకి తీసుకోకుండా, మీ ఇటుక పునాది దాకా 20.6 వచ్చింది నాకు. పదమూడో రాయి పునాదికి కాస్త అవతల పాతి ఉంటారు. అక్కణ్ణుంచి చెరువు రేవు ఎంత దూరం?

గోగునార | మే 12, రాత్రి 8:41
ఫర్లాంగు ఉండదు. ఎడ్లు కట్టి ఈడ్చుకొచ్చి ఉంటారు.

సర్వేగొలుసు | మే 12, రాత్రి 8:55
అయితే దక్షిణం ముక్క ఉత్త బాట కాదు, విజయనగరం నుంచి మైళ్లు వేసిన రోడ్డు. కోనాడ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా.

తోటపాలెం_కుర్రోడు | మే 12, రాత్రి 9:02
మాస్టారు కూడా వెనక్కి తీసుకుంటారన్నమాట 😄 సరే 13 ఇక్కడుంటే 12 ఎక్కడ మరి?

గోగునార | మే 12, రాత్రి 9:30
అదే అమ్మని అడిగా. మైలు వెనక్కి అంటే గుర్ల వైపు మా మేనత్త వాళ్ల ఊరు. అత్త వాళ్ల గేదెల పాకలో కుడితి తొట్టి కింద ఎత్తుకి ఒక చెక్కిన రాయి ఉందంట. తొట్టి ఎత్తాలంటే నలుగురు కావాలి. రేపు పొద్దున్న మామయ్యా నేనూ వెళ్తున్నాం.